ఒకటి నూనెకి, ఒకటి గాలికి

నా భార్య తెరేసమ్మ పోయిన మర్నాటి ఉదయం, ఆమెను ఇంకా వాకిట్లో మంచం మీద ఉంచి ఉండగానే, ఆ బండి ఒక్క కిక్కుకి స్టార్ట్ అయింది.

నేను అప్పటికి ఆమె తలవైపు కూర్చుని ఉన్నాను. కబురు తెల్లవారుతుండగా అందింది. విజయవాడ నుంచి గన్నవరం దాకా బస్సులో, అక్కణ్ణించి కాలవగట్టు మీద ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వచ్చాను. మా అత్తగారు శౌరమ్మ నన్ను చూసి కొంచెం జరిగి, మంచం పక్కన చోటిచ్చింది.

ఫాదర్‌గారికి కబురు పంపాలి. అత్తగారి తమ్ముడు చిన్నప్ప నేను వెళ్తానన్నాడు. గొడ్లచావడి పక్కన మోటారుసైకిలు నిలబెట్టి ఉంది. అది నా బావమరిది రాయప్పది. ఆ ఏడు వానలు వెనకబట్టాక ఎవరో వాడిన బండి కొన్నాడు. చిన్నప్ప దాని దగ్గరికి వెళ్ళి పెట్రోలు ట్యాంకు మూత తీశాడు. మూత మీద గుణదల మాత బిళ్ల అంటించి ఉంది. బిళ్లను కళ్ళకద్దుకుని, పెట్రోలు ఉందో లేదో తొంగిచూసి, మూత బిగించి, కిక్కు కొట్టాడు.

వాకిట్లో ఏడుపులు ఆగిపోయాయి. బండి చప్పుడొక్కటే మిగిలింది. తానేం చేశాడో చిన్నప్పకు అప్పుడు తట్టినట్టుంది, ఆపడానికి తాళం కోసం తడుముకున్నాడు. అత్తగారు తలెత్తి, గోడకానుకుని నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

"స్టార్టయిందే," అంది.

"అమ్మా..."

"మరి నిన్న ఎందుకు చెయ్యలేదురా?"

"చెయ్యకపోవడం కాదమ్మా. కాలేదు."

"చెయ్యలేదు," అంది ఆమె, ఇంక ఆ సంగతి అయిపోయిందన్నట్టు. మళ్ళీ కూతురి ముఖం వైపు తిరిగింది.

నేను బడిలో సామాన్యశాస్త్రం చెబుతాను. భాష నా సబ్జెక్టు కాదు. అయినా ఆ రెండు మాటలకు తేడా నాకు తెలుసు. కాలేదు అంటే లోపం బండిది. చెయ్యలేదు అంటే లోపం మనిషిది. ఆ ఉదయం నుంచి తల్లి ఒక మాట దగ్గర, కొడుకు ఇంకో మాట దగ్గర నిలబడిపోయారు.

ముందు రోజు సాయంత్రం జరిగింది ఇది. తెరేసమ్మకు ఉబ్బసం. నూర్పిళ్ళ దుమ్ము ఆమెకు పడదు. అయినా కళ్ళాల వేళ పుట్టింటికి వెళ్ళకపోతే ఆమెకు ఆ ఏడు పంట ఇంటికి వచ్చినట్టుండదు. ఎప్పుడైనా ఆయాసం ఎక్కువైతే గన్నవరంలో తెలిసిన డాక్టరు ఉన్నాడు. ఆయన ఇంజెక్షను ఇస్తే కాసేపటికి తేరుకునేది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఊపిరి అందడం మానేసింది. బస్సు వెళ్ళిపోయింది. ఇంట్లో బండి ఉంది గదా అని అందరూ రాయప్ప వైపు చూశారు. రాయప్ప కిక్కు కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. కిక్కు రాడ్డు ఎదురు తన్ని కాలిపిక్క ముందు ఎముక మీద చర్మం లేచిపోయింది. చివరికి ఎడ్లబండి కట్టారు. అది కాలవగట్టు దాటి రోడ్డెక్కకముందే ఆమె పోయింది.

ఊళ్ళో ఇంకో మాట ఉంది. ఆ సాయంత్రం రాయప్ప గన్నవరం నుంచి వస్తూ బండిని తోసుకుంటూ రావడం పొలాల్లో వాళ్ళు చూశారు. నడపడం చాతగానంతగా తాగి ఉన్నాడని, అందుకే అక్కను ఎక్కించుకోవడానికి భయపడి, స్టార్ట్ కాలేదని నాటకమాడాడని అన్నారు. గన్నవరంలో ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని వస్తుంటే, కాలవ మలుపు దగ్గర బండి దానంతటదే దగ్గి ఆగిపోయిందని రాయప్ప చెప్పాడు. విన్నవాళ్ళు లేరు. ఎవరి డీజిలింజనైనా మొరాయిస్తే, "ఏందిరా, ఇదీ రాయప్ప బండేనా?" అనడం మొదలుపెట్టారు. అంటున్నప్పుడు రాయప్ప అక్కడ ఉన్నాడా లేడా అని చూసేవాళ్ళు కాదు.

క్రిస్మస్ మాకు లేకుండా వెళ్ళిపోయింది. జనవరిలో ఒక మధ్యాహ్నం రాయప్ప బండి మీద వన్‌టౌన్‌లో మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బండి మీ దగ్గరుంచుకోండి బావా," అన్నాడు.

"నాకు నడపడం రాదుగదా."

"నడపడానికి కాదు. దాంట్లో ఏముందో చూడండి. మీరు మాస్టారు. ఎవరో ఒకరు తేల్చాలి." తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మ ఏమందో తెలుసా? గుణదల తిరునాళ్ళలో, మనూరి వాళ్ళందరి ఎదట, మాతమ్మ పాదాల దగ్గర చెయ్యి పెట్టి చెప్పమంది. బండి కాలేదు అని చెప్తే ఇంటికి రమ్మంది. చెప్పకపోతే అటునుంచి అటే పొమ్మంది."

"చెప్పు. నిజమే గదా."

అతను చేతులు చట్రం మీంచి తీసి వాటి వంక చూసుకున్నాడు.

"చెప్పలేను బావా. తాళం తిప్పాననే అనుకుంటున్నా. పెట్రోలు ట్యాపు తెరిచాననే అనుకుంటున్నా. రోజూ చేసే పని గదా, చేతులే చేసుకుపోతాయి. పొద్దున మావయ్య ఒక్కటి కొట్టగానే ఎట్టా అయింది? నేనే ఏదో చెయ్యలేదేమో. అమ్మ మాటే నిజమేమో. తెలీకుండా మాతమ్మ ముందు ఎట్టా చెప్పను?"

అమ్మ మాట అతని నోట్లోకి వచ్చేసిందని గమనించాను.

"రోజూ అక్కడ ఆగుతున్నా," అన్నాడు మళ్ళీ.

"ఎక్కడ?"

"ఆ మలుపు దగ్గర. బండి ఆగినచోట. కాలవకేసి చూస్తా. చూసి వచ్చేస్తా." ఆ వెంటనే, "చూసి వచ్చేస్తాలే," అన్నాడు.

రెండోసారి అన్నది నాకు నచ్చజెప్పడానికని నాకు అర్థమైంది. అతని చేతిలోంచి బండి తాళం తీసుకున్నాను.

"తిరునాళ్ళకు ముందే నీకు చెప్తాను. అందాకా ఆ మలుపు దగ్గర ఆగకు," అన్నాను.

"సరే బావా," అన్నాడు. బస్సుకి వెళ్ళిపోయాడు.

గోడౌన్ల వెనక సందులో హనుమయ్య అనే మెకానిక్కుకి రేకుల షెడ్డు ఉంది. బండిని అక్కడికి తోసుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. అతను మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యకుండా విని, బండి చుట్టూ తిరిగి వచ్చాడు.

"మాస్టారూ, అసలు స్టార్టవని బండిని బాగుచెయ్యడం తేలికండి. అప్పుడప్పుడూ కానిదాన్ని బాగుచెయ్యాలంటే ముందు అది నా ఎదట కాకుండా ఉండాలి."

చేతులు గుడ్డతో తుడుచుకుని ట్యాంకు మూత విప్పాడు. బిళ్లను చూసి కళ్ళకద్దుకున్నాడు. పానాలూ, నట్లూ పరిచిన గోనెపట్టా మీద పెట్టకుండా, మూతను తీసుకెళ్ళి పైన అరలో దుర్గమ్మ పటం పక్కన పెట్టాడు.

"అమ్మని కింద పెట్టకూడదు గదండి," అన్నాడు. "పెట్రోలు శుభ్రంగానే ఉంది. నీళ్ళు కలవలేదు."

ప్లగ్గు తీసి రుద్ది బిగించాడు. కార్బరేటరు విప్పి ఊదాడు. వైర్లు ఒక్కొక్కటే కదిపి చూశాడు. తర్వాత మూత తెచ్చి బిగించి కిక్కు కొట్టాడు. స్టార్టయింది. మర్నాడూ అయింది. ఆ మర్నాడూ అయింది.

బడి వదలగానే నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి. నా పద్ధతి నాకు తెలిసిందే: ఒకసారికి ఒకటే మార్చడం. ఒక రోజు ఇంజను మీద నీళ్ళు చల్లించాను. ఒక రోజు మిట్టమధ్యాహ్నం నుంచి ఎండలో నిలబెట్టించాను. బీసెంటు రోడ్డు దాకా, కృష్ణ ఒడ్డు దాకా హనుమయ్య వెనక కూర్చుని తిరిగి వచ్చి, వేడి మీద ఆపి, మళ్ళీ కొట్టించాను. అన్నిటికీ అది స్టార్టయింది. ఎదురు కొట్లో బెల్లం వ్యాపారి రోజూ అడిగేవాడు.

"ఏం మాస్టారూ, ఇవాళైనా చెడిందా?"

"లేదండి."

"అయ్యో పాపం," అనేవాడు. అతనికి సంగతి తెలియదు. నవ్వించడానికి అన్నాడు.

రోజులు గడిచేకొద్దీ నాకు భయం పట్టుకుంది. బండిలో ఏమీ లేదని తేలితే, తేల్చినవాణ్ణి నేనే అవుతాను. రాయప్పకు ఆ మాట నా నోటితో చెప్పాలి. హనుమయ్య ఒక సాయంత్రం సామాను సర్దుతూ, నా ముఖం చూడకుండా అన్నాడు.

"మాస్టారూ, బండికేం లేదండి. ఆ అబ్బాయిని మాత్రం ఏమీ అనకండి. గాభరాలో ఎవరికైనా చేతులు ఆడవు."

అతను మంచి మనసుతోనే అన్నాడు. దాని అర్థం మాత్రం చెయ్యలేదు అనే.

తిరునాళ్ళు ఇంకో వారంలోకి వచ్చిన ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చి వంట మొదలుపెట్టాను. సీసాలో నూనె అయిపోయింది. తెరేసమ్మ ఊరికి వెళ్ళేముందు తెచ్చిపెట్టిన నూనె డబ్బా సీలు తీయకుండా అలాగే ఉంది. మేకు పెట్టి పైన ఒక చిల్లు కొట్టి సీసాలోకి వంచాను. నూనె కొంచెం పడింది, ఆగింది. గుడగుడమని లోపల చప్పుడు చేసి ఇంకొంచెం పడింది. మళ్ళీ ఆగింది. చిల్లు చిన్నదైందేమోనని పెద్దది చేశాను. అంతే.

ఆమె ముందు వాడిన ఖాళీ డబ్బా పొయ్యి పక్కనే, బొగ్గులు పోసుకోవడానికి ఉంచింది. దాని కోసిన మూత ఇంకా ఒక పక్క వేలాడుతోంది. మూత మీద ఈ అంచున ఒక చిల్లు, ఆ అంచున ఒక చిల్లు ఉన్నాయి.

పెళ్ళయిన కొత్తలో నేను అడిగాను, రెండెందుకని. "ఒకటి నూనెకి, ఒకటి గాలికి. సైన్సు మాస్టారికి నేను చెప్పాలా?" అంది. ఆ తర్వాత చాలా రోజులు, వంటింట్లోకి నేను వచ్చినప్పుడల్లా డబ్బా ఎత్తి రెండు చిల్లులూ చూపించి నవ్వేది.

డబ్బా కింద పెట్టాను. పొయ్యి ఆర్పాను. హనుమయ్య షెడ్డుకి వెళ్ళాను. ఆదివారం గనక మూసి ఉంది. ఇంటికి వెళ్ళి అతన్ని పిలుచుకొచ్చాను.

"పెట్రోలు కిందికి దిగితే ఆ చోట్లోకి గాలి ఎటునుంచి వెళ్తుంది?" అని అడిగాను.

"మూతకి సన్న చిల్లు ఉంటుంది గదండి," అన్నాడు. అని, ఆగిపోయాడు.

మూత విప్పి తిరగేసి చూశాను. లోపలివైపు నడుమ సూది మొనంత చిల్లు ఉంది. దాన్నిండా తెల్లగా మైనం. పైన దానికి సరిగ్గా ఎదురుగా మేరీమాత బిళ్ల. బిళ్లను కొవ్వొత్తి మైనం కరిగించి అంటించారు. అది బిళ్ల కిందినుంచి చిల్లులోకి దిగి గడ్డకట్టింది.

హనుమయ్య నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. "నేను రోజూ మూత తీస్తూనే ఉన్నానండి. తీసినప్పుడల్లా గాలి లోపలికి పోతూనే ఉంది."

చిన్నప్ప మూత తీశాడు. హనుమయ్య మూత తీశాడు. బండి చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ముందు చేసేది అదే. ఆ సాయంత్రం తీయనివాడు ఒక్కడే. రాయప్ప గన్నవరంలో ట్యాంకు నిండా పోయించుకుని వచ్చాడు. నిండుగా ఉందని తెలిసినవాడు మూత ఎందుకు తీస్తాడు? ఆ తర్వాత అతను విజయవాడ దాకా వచ్చినా ఆగలేదంటే, ట్యాంకు వెలితిగా ఉండి లోపలి గాలే సరిపోయి ఉండాలి.

"గీకేద్దునా?" అన్నాడు హనుమయ్య.

"వద్దు," అన్నాను. తీసేస్తే చూపించడానికేమీ ఉండదు.

బిళ్ల ఎవరు అంటించారో నాకు తెలుసు. డిసెంబరులో నిష్కళంక మాత పండుగనాడు నేనూ తెరేసమ్మా గుణదల కొండకు వెళ్ళాం. తమ్ముడు కొత్తగా బండి కొన్నాడని, వాడు కాలవగట్టు మీద దూకుడుగా పోతాడని, వాడికోసమని బిళ్లనూ కొవ్వొత్తినీ అక్కడే తీసుకుని ఊరికి పట్టుకెళ్ళింది. బిళ్ల అంచున మైనం మీద ఆమె బొటనవేలు నొక్కిన గుర్తు ఉంది. షెడ్డులో దీపం వెలుతురు చాలడం లేదని చెప్పి, మూతను వాకిట్లోకి తీసుకెళ్ళి కాసేపు ఉన్నాను.

మర్నాడు రాయప్పకు కబురు పంపాను. వచ్చాక ఏమీ చెప్పలేదు. నేను పొరబడి ఉంటే, ఆశపెట్టి మళ్ళీ లాక్కున్నట్టవుతుంది. చూద్దాం పద, అన్నాను. గన్నవరం దాకా వెళ్ళి, ఆ రోజు అతను పోయించుకున్న బంకులోనే ట్యాంకు నిండా పోయించాను. మూత నా చేత్తోనే బిగించాను.

"ఆ రోజు ఎట్టా వెళ్ళావో అట్టాగే వెళ్ళు. ఎక్కడా ఆపకు," అన్నాను.

ఏలూరు రోడ్డు దిగేదాకా బండి ఒక్కసారి కూడా తడబడలేదు. కాలవగట్టు ఎక్కాం. ఒక పక్క కాలవ, ఇంకో పక్క మినుము చేలు. రాయప్ప వీపు వెనక కూర్చుని ఇంజను చప్పుడు వింటున్నాను, పిల్లవాడి గుండె మీద చెవిపెట్టి విన్నట్టు. మలుపు వచ్చింది. రాయప్ప భుజాలు బిగుసుకున్నాయి. బండి మలుపు దాటిపోయింది. ఎండగా ఉంది, ఆ రోజు చలి, అదొక తేడా అని నాకు నేను చెప్పుకున్నాను. అంతకంటే మిగిలింది లేదు.

లాకుల దగ్గరికి వస్తుంటే బండి దగ్గింది.

"బావా."

"పోనీ."

మళ్ళీ దగ్గింది. ముందుకు ఒక ఊపు ఊగి ఆగిపోయింది. గట్టు మీద నీళ్ళ చప్పుడు వినిపించింది.

"అదే దగ్గు," అన్నాడు రాయప్ప. నా వైపు తిరిగాడు. "అదే బావా."

"కొట్టు. చేసేది పైకి చెబుతూ చెయ్యి."

"తాళం తిప్పా. ట్యాపు తెరిచే ఉంది. చూడండి, తెరిచే ఉంది." కొట్టాడు. రాలేదు. మళ్ళీ కొట్టాడు. కొడుతున్నకొద్దీ ఆ సాయంత్రంలోకి వెళ్ళిపోతున్నాడని అతని కళ్ళు చూస్తే తెలిసింది. "ఆగు," అన్నాను. వినిపించుకోలేదు. భుజం పట్టుకుని ఆపాను.

అప్పుడే ఊరివైపు నుంచి చిన్నప్ప సైకిలు మీద వచ్చాడు. మమ్మల్ని చూసి దిగాడు.

"ఏందిరా, మళ్ళీనా? అల్లుడుగారిని కూడా ఎక్కించుకుని మరీ చూపిస్తున్నావా నీ విద్య?" సైకిలు స్టాండు వేసి దగ్గరికొచ్చాడు. "ఏదీ, పెట్రోలుందా?" అంటూ ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు.

"మూత తీయకండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బడిలో కూడా నేను అంత గట్టిగా మాట్లాడను. చిన్నప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పెట్రోలు నిండుగా ఉంది. నేనే పోయించాను. ముందు మీరు కొట్టండి చిన్నప్పగారూ. ఆ రోజు పొద్దున కొట్టినట్టే."

అతను నా వంక అనుమానంగా చూసి, పంచె ఎగ్గట్టి కొట్టాడు. రాలేదు. తాళం చూశాడు, ట్యాపు చూశాడు, మళ్ళీ కొట్టాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకుని మళ్ళీ కొట్టాడు. రాయప్ప గట్టు అంచున కూర్చుని అతని కాలినే చూస్తున్నాడు.

"స్టార్టు కాలేదండీ," అన్నాడు చిన్నప్ప రొప్పుతూ. ఆ మాట అన్నాక దాని బరువు అతనికి తెలిసింది. రాయప్ప వైపు తిరిగాడు.

"ఇప్పుడు మూత తీయండి," అన్నాను.

తీస్తుంటే సుయ్యిమని గాలి లోపలికి పోయిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. మూత నా చేతికి తీసుకున్నాను. చిన్నప్పను కాసేపు ఆగి కొట్టమన్నాను. బండి స్టార్టయింది.

"ట్యాంకులోకి గాలి పోయే దారి మూసుకుపోయింది," అన్నాను. "గాలి పోకపోతే పెట్రోలు దిగదు. ఆ రోజు మీరు మూత తీశారు. అందుకే అయింది. రాయప్ప చెప్పింది నిజం."

చిన్నప్ప బండి వంక, తన చేతుల వంక చూసుకున్నాడు. రాయప్ప దగ్గరికి వెళ్ళి తలమీద చెయ్యి వేశాడు. "ఒరే అబ్బాయ్," అన్నాడు. ఇంకేం అనలేక సైకిలెక్కాడు. "శౌరమ్మక్కకి చెప్పాలి, కాలేదని చెప్పాలి," అంటూ తొక్కుకుంటూ ఊరివైపే వెళ్ళిపోయాడు, తాను బయలుదేరిన పని మరిచిపోయి.

రాయప్ప లేచి వచ్చి ఇంజను ఆపాడు.

"దారి ఎట్టా మూసుకుపోయింది బావా?"

అతను నా చేతిలో మూత తీసుకుని లోపలివైపు చూశాడు. తిప్పి బిళ్లను చూశాడు. మళ్ళీ లోపలివైపు చూశాడు.

"అంతకుముందు ఎప్పుడూ ఆగలేదు," అన్నాడు మెల్లగా. "అక్క ఇది పెట్టాకే."

"అవును."

"పెట్రోలు వాసనొస్తుందని అక్క అంటే, మూతకి రబ్బరు వాషరు కూడా కొత్తది వేశా. గట్టిగా ఉండాలని." మూతను రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"అమ్మకి చెప్పొద్దు బావా."

"చెప్పకపోతే, ఎప్పుడో ఒకరోజు మళ్ళీ నిన్ను అడుగుతుంది."

"అడగనీ. కూతురు తన చేత్తోనే ఇట్టా చేసుకుందని అమ్మ బతికినంతకాలం అనుకోవాలా? నన్ను అనుకోడం నయం. నేను ఎదట ఉన్నా, తిట్టుకోవచ్చు."

అతని చేతిలోంచి మూత తీసుకున్నాను. జేబులో చాకు తీసి బిళ్లను మైనంతో సహా పైకి లేపాను. సూదితో చిల్లు శుభ్రం చేశాను. బిళ్ల నా చొక్కా జేబులో వేసుకున్నాను.

గుణదల కొండ కింద తిరునాళ్ళ జనం. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, గుండ్లు చేయించుకుంటున్నవాళ్ళు. అత్తగారు ప్రమాణం సంగతి మళ్ళీ ఎత్తలేదు. చిన్నప్ప చెప్పిన రోజునే కొడుక్కి కంచం పెట్టిందట. అయినా రాయప్ప తనంతట తానే మెట్లెక్కి, మాత పాదాల దగ్గర చెయ్యి పెట్టి, ఊరివాళ్ళకు వినిపించేలా చెప్పాడు.

"ఆ సాయంత్రం నేను చెయ్యాల్సిందంతా చేశా. బండి కాలేదు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిందికి దిగాక బండి దగ్గరికి వచ్చాం. ఆమె నా పక్కన నిలబడి, మూత వైపు చూస్తూ అంది.

"గాలి దారి మూసుకుపోయిందటగా అల్లుడుగారూ. నూర్పిళ్ళ దుమ్మే అయ్యుంటుంది. దానిక్కూడా ఊపిరాడలేదన్నమాట."

నేను మూత మీది దుమ్ము చేత్తో తుడిచాను.

ఆమె సంచిలోంచి కొత్త బిళ్ల, కొవ్వొత్తి తీసింది. కొవ్వొత్తి వెలిగించి ట్యాంకు మూత మీదికి వంచింది. రాయప్ప చప్పున మూత మీద అరచెయ్యి వేశాడు. మైనం చుక్కలు అతని చేతి మీద పడ్డాయి. అతను చెయ్యి తీయలేదు.

"అక్కడొద్దమ్మా. పెట్రోలు. అంటుకుంటుంది."

"తెరేసమ్మ ఇక్కడే పెట్టింది గదరా. అది పెట్టిన బిళ్లేది?"

రాయప్ప నా వైపు చూడలేదు.

"పడిపోయిందమ్మా. దారిలో ఎక్కడో."

మెట్ల మీద అతను చెప్పిన మాట ఇంకా జనం నోళ్ళలోనే ఉంది. అత్తగారు కొడుకు ముఖం వంక కాసేపు చూసింది. అతని చేతి మీది మైనాన్ని గోటితో గీకి తీసింది. "పోన్లే, కాలిందా?" అంది. కొత్త బిళ్లను హెడ్‌లైటు మీద అంటించి, బొటనవేలితో నొక్కింది.

తెరేసమ్మ బిళ్ల నా బల్ల సొరుగులో ఉంది. మైనం తీయలేదు. అత్తగారికి ఇంకా చెప్పలేదు.